డ్రిల్లు చేతికి తీసుకునే ముందు

సంపాదకులకు,

అయ్యా,

ఏటా ఇంజనీరింగ్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే జిల్లా పేజీలో ఒక ఫొటో తప్పదు. కాలేజీ ఆవరణలో పిల్లలు కట్టిన చిన్న కారు, చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పూలదండ. కింద రెండు ముక్కలు: ఇన్ని రోజుల్లో కట్టారు, ఇంత ఖర్చయింది. వార్తను తప్పుపట్టడం లేదు. అయితే ఆ కారులో ఏ భాగం ఎక్కడ పట్టలేదు, పట్టనప్పుడు ఏం చేశారు అన్న సంగతి ఎప్పుడూ అచ్చుకాదు. మరుసటి ఏడాది కట్టబోయే జట్టుకు కావలసింది అదే. కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా జట్లన్నీ ఆగిపోయేది అవే నాలుగైదు చోట్ల. ఈ ఉత్తరం వాటి గురించి. కొంచెం పొడుగైంది; ఫొటో ఒకటి తగ్గించి అయినా చోటివ్వమని మనవి.

ఇట్లా విడిభాగాలు తెచ్చి సొంతంగా బిగించుకునే కారునే కిట్ కారు అంటారు. అది కొత్త సంగతి కాదు. 1957లో ఇంగ్లండులో వచ్చిన లోటస్ సెవెన్‌ను చాలామంది పెట్టెల్లో భాగాలుగా కొని ఇంట్లో బిగించుకున్నారు. పూర్తి కారుకు పడే కొనుగోలు పన్ను విడిభాగాలకు పడేది కాదు. బిగించే విధానం కాగితం మీద రాసిస్తే మాత్రం పన్ను తప్పదు కాబట్టి, కంపెనీ 'విప్పే' విధానం రాసిచ్చేదని, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకునేవాళ్లని చెబుతారు. 1973లో అక్కడ వ్యాట్ రావడంతో ఆ వెసులుబాటు పోయింది. ఆ కిటుకు మాత్రం మన పిల్లలకు ఈనాటికీ పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ కిట్ కారు పని మొదలయ్యేది పాత బండిని విప్పడంతోనే.

ఎక్కువమంది ఎంచుకునేది పాత మారుతి ఓమ్ని. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ బండి పొడవు వెంబడి కూర్చుని ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే రాడ్డు) ద్వారా వెనక చక్రాలు తిరుగుతాయి. పైపుల ఛాసీ మీద పెట్టడానికి ఇంతకన్నా తేలికైన అమరిక మనకు దొరకదు. కాకపోతే ఛాసీ ఒకరు వెల్డింగ్ చేస్తారు, ఫైబర్ బాడీ ఇంకొకరు పోస్తారు, ఇంజన్, వెనక ఇరుసు హౌసింగ్, బ్రేకులు గుజిరీ నుంచి వస్తాయి. మూడు చోట్ల మూడు కొలతలు. కష్టమంతా అక్కడే పుడుతుంది.

కాబట్టి విప్పేటప్పుడే రాసుకోవాలి. ఏ బోల్టు ఏ బెజ్జంలోదో ఆ బెజ్జంలోనే చేత్తో తిప్పి వదిలేయాలి. షిమ్ములు (సందు నింపే పలుచని రేకులు) ఏ వైపు ఎన్ని ఉన్నాయో సంచి మీద రాయాలి. ఈ పని ఒక పూట తింటుంది. చేయకపోతే ఆ తర్వాత వారం తింటుంది. ఎమ్‌పీఎఫ్‌ఐ (కార్బురేటర్ లేని, కంప్యూటరు చెప్పినంత పెట్రోలు చిమ్మే) ఇంజన్ అయితే వైరింగ్ కోయకుండా మొత్తం జడలాగే తీయాలి. ఇమ్మొబిలైజర్ (దొంగతాళంతో ఇంజన్ నడవనివ్వని ఏర్పాటు) ఉన్న బండైతే తాళంచెవి, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటరు అదే బండివి ఉండాలి. లేకుంటే సెల్ఫ్ తిరుగుతుంది కాని ఇంజన్ అందుకోదు, పిల్లలు పెట్రోలు పంపు మార్చుకుంటూ కూర్చుంటారు.

ఇక అసలు మాట. కారును రెండుసార్లు కట్టాలి. మొదటిసారి రంగు వేయని ఛాసీ మీద ఇంజన్ నుంచి సీటు దాకా అన్నీ పెట్టి చూడాలి. బ్రాకెట్లు, బెజ్జాలు, పైపు దారులు అప్పుడే తేల్చుకుని, మళ్లీ అంతా విప్పి, మిగిలిన వెల్డింగ్ ముగించి, పౌడర్ కోటింగ్‌కు పంపాలి. రెండోసారి బిగింపు మాత్రమే ఉండాలి. జట్లు చేసేది దీనికి తిరగేసి. ఫొటోకు బాగుంటుందని ముందే రంగు వేయించి, ఆ మీద 'ఈ బ్రాకెట్ అర అంగుళం జరపాలి' అని వెల్డింగ్ పెడతారు. అక్కడ కోటింగ్ కాలిపోయి, తొలి వానకే తుప్పు.

ఛాసీని నమ్మే ముందు కొలవాలి. నాలుగు స్టాండ్ల మీద పెట్టి మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ టేపుతో చూడాలి. 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే అక్కడే ఆగాలి. కర్ణాలు సమానంగా ఉన్నా మెలిక ఉండొచ్చు. దానికి తాపీమేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు, నాలుగు మూలలా నీటిమట్టం చెప్పేస్తుంది. తర్వాత ఛాసీ మధ్యగా ముందు నుంచి వెనకకు ఒక దారం కట్టి, కుడి ఎడమ కొలతలన్నీ ఆ దారం నుంచే తీయాలి. ఒక బ్రాకెట్ నుంచి పక్క బ్రాకెట్‌కు కొలుచుకుంటూ పోతే ఒక్కోచోట ఒక మిల్లీమీటరు పోయి, చివరి భాగం దగ్గర ఐదు మిల్లీమీటర్ల తప్పు బయటపడుతుంది. నింద మాత్రం ఆ చివరి భాగం మీద పడుతుంది.

పౌడర్ కోటింగ్ నుంచి వచ్చాక బోల్టు దూరదు. కోటింగ్ మందం మామూలుగా 60 నుంచి 120 మైక్రాన్లు. బెజ్జానికి రెండు వైపులా చేరితే 8 మిల్లీమీటర్ల బెజ్జం 7.8 అవుతుంది. ఇక్కడ డ్రిల్లు పెడితే బిట్ ఇనుమునూ తింటుంది, బెజ్జం కోలగా మారుతుంది. చేతి రీమరుతోనో గుండ్రటి ఆకురాయితోనో పైపొర మాత్రమే తీయాలి. మరలున్న చోట ఎం8 (8 మిల్లీమీటర్ల) ట్యాప్, అంటే మరలు కోసే పనిముట్టును, నూనె చుక్కతో ఒకసారి తిప్పి తీస్తే చాలు.

మరల దగ్గర ఇంకో చిక్కు ఉంది. మారుతి బండ్లలో ఎం10 బోల్టు చాలాచోట్ల 1.25 పిచ్‌ది, అంటే మరకూ మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ షాపులో ఎం10 అని అడిగితే ఇచ్చేది 1.5 పిచ్. అది రెండు చుట్లు హాయిగా ఎక్కి బిగుసుకుంటుంది. 'కొత్తది కదా, బిగువుగా ఉంది' అని పానాకు పైపు తగిలిస్తే మరలు ఊడి చేతిలోకి వస్తాయి. థ్రెడ్ గేజ్ లేకపోతే పది మరల పొడవు స్కేలుతో కొలవండి: 12.5 మిల్లీమీటర్లా, 15 మిల్లీమీటర్లా తెలిసిపోతుంది. ఏ బోల్టయినా చేత్తో కనీసం మూడు చుట్లు ఎక్కాలి. ఎక్కకపోతే తీసి చూడాల్సిందే. సస్పెన్షన్‌కు, స్టీరింగ్‌కు తల మీద 8.8 అని గుర్తున్న బోల్టుకు తక్కువది వాడకూడదు. పొడి మరలకు బిగింపు ఎం8కు సుమారు 25, ఎం10కు 50, ఎం12కు 85 న్యూటన్ మీటర్లు. నైలాక్ నట్టు (వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉన్నది) ఒకసారి బిగించి విప్పితే ఈ చోట్ల మళ్లీ వాడొద్దు. మొదటిసారి పెట్టి చూసేటప్పుడు మామూలు నట్లు పెట్టుకుంటే డబ్బూ మిగులుతుంది.

సస్పెన్షన్ ఆర్మ్ బ్రాకెట్‌లో కూర్చోకపోవడం అందరికీ ఎదురయ్యేదే. వెల్డింగ్ వేడికి బ్రాకెట్ చెవులు లోపలికి లాగుకుంటాయి. సుత్తితో కొడితే ఒక చెవి మాత్రమే వంగి బెజ్జాలు వరుస తప్పుతాయి. చెవుల మధ్య ఒక మర రాడ్డు పెట్టి, దాని మీద రెండు నట్లు, రెండు వాచర్లు వేసి, నట్లను బయటివైపుకు తిప్పుకుంటూ పోతే రెండు చెవులూ సమానంగా తెరుచుకుంటాయి. పాలీ బుష్ (ఆర్మ్ కీలులో కూర్చునే పాలీయూరిథేన్ తొడుగు) అయితే లోపలి ఇనుప గొట్టం బుష్ కన్నా వెంట్రుకవాసి పొడవుండాలి. బోల్టు ఆ గొట్టాన్ని పట్టుకోవాలి, బుష్ దాని చుట్టూ తిరగాలి. గొట్టం పొట్టిదైతే బోల్టు బిగించగానే ఆర్మ్ బిర్రబిగుసుకుంటుంది. బుష్‌ను గీకడం వైద్యం కాదు, గొట్టం మార్చాలి. రబ్బరు అతికిన సైలెంట్ బ్లాక్ బుష్ అయితే లెక్క వేరు. చక్రం గాలిలో వేలాడుతుండగా దాన్ని పూర్తిగా బిగిస్తే, బండి నేల మీదికి దిగాక రబ్బరు మెలితిరిగే ఉంటుంది. బండి ఒక వైపు ఎత్తుగా నిలబడుతుంది, కొద్ది నెలల్లో రబ్బరు చినుగుతుంది. నేల మీదికి దించి, మనుషులను కూర్చోబెట్టి, అప్పుడు చివరి బిగింపు.

లేత్ షాపుల గురించి ఒక మాట. పట్టని బుష్‌కు, పట్టని పిన్నుకు అందరూ లేత్ మనిషినే అంటారు. పాత భాగం చేతిలో పెట్టి 'ఇట్లాంటిదే చెయ్యన్నా' అంటే, అరిగిన భాగానికి అరిగిన కొలతే వస్తుంది. కాగితం మీద కొలత, ఎంత సందు ఉండొచ్చో రాసివ్వాలి. ఆటోనగర్ పనివాళ్లు కొలత ఇస్తే తప్పే రకం కాదు.

స్టీరింగ్‌లో రెండు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. కాలమ్‌లో రెండు యూజే క్రాస్‌లు (వంపు దగ్గర తిప్పుడును అందించే యూనివర్సల్ జాయింట్లు) ఉంటే, మధ్య రాడ్డుకు రెండు చివరలా ఉన్న యోక్‌లు, అంటే క్రాస్‌ను పట్టే చీలికలు, ఒకే వరుసలో ఉండాలి, రెండు కోణాలూ సమానంగా ఉండాలి. 30 డిగ్రీల కోణంలో ఒక్క జాయింటే ఉంటే తిరిగే వేగం ఒక్కో చుట్టులో 13 శాతం తగ్గుతూ 15 శాతం పెరుగుతూ ఉంటుంది. రెండోది సరైన వరుసలో ఉంటే దాన్ని రద్దు చేస్తుంది. తొంభై డిగ్రీలు తిప్పి పెడితే రెట్టింపు చేస్తుంది. చేతికి ఒకచోట తేలిక, ఒకచోట బిగువు. ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడుకు పక్కకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) చెడిందని మార్చేవాళ్లు చాలామంది, జాయింట్ చూసేవాళ్లు తక్కువ. రెండోది ర్యాక్ ఎత్తు. స్ప్రింగ్ తీసేసి, హబ్‌కు ఒక చెక్క బద్ద కట్టి, చక్రాన్ని జాకీతో పైకీ కిందికీ ఆడిస్తూ బద్ద ముందు కొసను, వెనక కొసను దారం నుంచి కొలవాలి. పైకి పోతే ఒక వైపు, కిందికి పోతే రెండో వైపు తిరిగితే ర్యాక్ ఎత్తు తప్పు. ఎటు పోయినా ఒకే వైపు తిరిగితే ర్యాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ పొడవు తప్పు. అన్నట్టు, ఇరుసు వెనక ఉండాల్సిన ర్యాక్‌ను బోర్లించకుండా ఇరుసు ముందుకు తెస్తే స్టీరింగ్ కుడికి తిప్పినప్పుడు చక్రాలు ఎడమకు పోతాయి. నవ్వొస్తుంది గాని, రంగు వేసి బాడీ ఎక్కించాక తెలిస్తే నవ్వు రాదు.

బ్రేకుల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. పైపు 4.75 మిల్లీమీటర్లది. దాని చివర మడత రెండు రకాలు: లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్, పుట్టగొడుగులాంటి బబుల్ ఫ్లేర్. ఒకటి కూర్చునే చోట రెండోది కూర్చోదు. ఎంత బిగించినా చెమ్మ కారుతుంది, ఇంకా బిగిస్తే పైపు నెర్రె ఇస్తుంది. నట్టు మరలు కూడా అట్లాగే మోసం చేస్తాయి. జీపు సామాను మీద వచ్చే 3/8 అంగుళాల యూఎన్‌ఎఫ్ (అంగుళాల కొలతలో సన్న మరల) నట్టు, ఎం10 ఒకటి పిచ్ నట్టు పక్కపక్కన పెడితే కవలపిల్లలే. మొదటిది 9.5 మిల్లీమీటర్లు, రెండోది 10. చిన్నది పెద్ద బెజ్జంలో వదులుగా ఎక్కి పట్టినట్టే ఉంటుంది. పెడల్ గట్టిగా తొక్కిన రోజు మరలు ఊడిపోతాయి. వెర్నియర్‌తో కొలవకుండా బ్రేక్ నట్టు ఏదీ ఎక్కించొద్దు.

ఎంత గాలి తీసినా పెడల్ స్పాంజిలాగే ఉందంటే, ముందు క్యాలిపర్ చూడండి. గాలి తీసే నిపిల్ పైవైపు ఉందా? కుడి క్యాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే నిపిల్ కిందికి వస్తుంది. గాలి పైన ఉండిపోతుంది, సీసాలకు సీసాలు ఆయిల్ పోతుంది. మార్చడం కుదరకపోతే క్యాలిపర్ విప్పి, ప్యాడ్ల మధ్య డిస్కు మందం చెక్క పెట్టి, నిపిల్ పైకి వచ్చేట్టు పట్టుకుని గాలి తీయాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. పెడల్ మెత్తగా లేదు గాని లోతుకు పోతుంది అంటే అది గాలి కాకపోవచ్చు. హ్యాండ్ బ్రేక్ లాగి పెడల్ తొక్కి చూడండి. అప్పుడు పెడల్ పైనే ఆగితే, వెనక డ్రమ్ముల్లో షూల సందు ఎక్కువుంది. గాలి కాదు, అడ్జస్ట్‌మెంట్.

ఇంకొకటి, మన ఎండల్లో ముఖ్యమైనది. పెడల్‌కూ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కూ మధ్య పుష్ రాడ్డుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఆట లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ ట్యాంకుకు పోయే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. బండి కొంచెం దూరం పోయి ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తే పోవడానికి దారి ఉండదు, బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. చల్లారాక వదులుతాయి. ఉదయం బాగుండి మధ్యాహ్నం కదలని కారుకు చాలాసార్లు కారణం ఇదే. ఆయిల్ డాట్ 4 పోయండి. కొత్తదానికి మరిగే స్థాయి కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక 155. మూత తీసిన డబ్బాను వచ్చే ఏడాది జట్టుకు వారసత్వంగా ఇవ్వొద్దు. రంగు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి.

ఫైబర్ బాడీకి తన పద్ధతులు తనకున్నాయి. అచ్చులోంచి తీసిన కొత్త బాడీ ఇంకా కొన్ని వారాలు కుదురుకుంటూ ఉంటుంది. దాన్ని గోడకు ఆనించి పెడితే ఆ వంపే మిగులుతుంది, ఛాసీ మీదే పెట్టి ఉంచాలి. కూర్చోబెట్టేటప్పుడు ముందుగా చక్రాల తోరణాల మధ్యలో చక్రం ఉందా లేదా చూడాలి, తలుపుల సందు తర్వాత. తలుపు బిగించేది బాడీ నాలుగు చోట్లా షిమ్ములతో ఎత్తు కుదిరాకే. బెజ్జం వేసే చోట మాస్కింగ్ టేపు అంటించి, డ్రిల్లును మొదట వెనక్కి తిప్పి పైపొర గీరాక ముందుకు తిప్పితే జెల్‌కోట్ అనే ఆ నున్నటి పైపొర పెచ్చు లేవదు. బెజ్జం బోల్టు కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి, కింద వెడల్పు వాచర్, మధ్యలో రబ్బరు. కారణం ఉంది: వేడికి ఫైబర్ ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. 3 మీటర్ల బాడీ 30 డిగ్రీలు వేడెక్కితే ఛాసీతో ఒక మిల్లీమీటరు పైగా తేడా వస్తుంది. ఆ మిల్లీమీటరుకు చోటివ్వకపోతే అది బెజ్జం దగ్గర పగులు తెస్తుంది.

కరెంటు తప్పుల్లో ముప్పాతిక భాగం ఎర్త్ తప్పులే అనిపిస్తుంది. రేకు బాడీ బండి మీద చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ దీపానికి ఒక వైరే లాగుతాడు, రెండోది బాడీ. ఫైబర్‌లో కరెంటు పారదు. ప్రతి దీపానికీ, హారన్‌కూ, ట్యాంకు గేజికీ ఎర్త్ వైరు విడిగా లాగి ఛాసీ మీద ఒకచోట చేర్చాలి. అక్కడ పౌడర్ కోటింగ్ గీకి తళతళలాడే ఇనుము కనబడాలి, బిగించాక పైన గ్రీజు. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మిణుకుమంటే ఎర్త్ లేదనే అర్థం. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస దీపం ఎర్త్ దగ్గర పెట్టి దీపం వెలిగించండి. 0.2 వోల్టు దాటితే ఆ దారి బాగుచేయాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజన్‌కూ ఛాసీకీ మధ్య మందమైన ఎర్త్ పట్టీ తప్పనిసరి. అది మరిచిపోతే సెల్ఫ్ మోటార్ కరెంటంతా క్లచ్ కేబుల్ గుండానో యాక్సిలరేటర్ కేబుల్ గుండానో పోయి, కేబుల్ పొగలు కక్కుతుంది.

ఇంజన్ వేడెక్కితే రేడియేటర్‌నే అనకండి. ఫ్యాన్ వైర్లు తారుమారైతే అది ఎదురుగాలి విసురుతుంది. కాగితం ముక్క పెట్టి చూస్తే తెలుస్తుంది. రేడియేటర్ పక్కల సందులుంటే గాలి దానిలోంచి పోకుండా పక్కనుంచి పోతుంది. సందుల్లో ఫోమ్ పట్టీ పెట్టాలి. ఇంజన్ పైపు రేడియేటర్ మూత కన్నా ఎత్తులో ఉంటే అక్కడ గాలి నిలుస్తుంది. బండి ముక్కు ఎత్తి నీళ్లు నింపాలి, లేదా ఎత్తైన చోట ఒక గాలి స్క్రూ పెట్టాలి. హీటర్ అక్కరలేదని దాని రెండు పైపులకు బిరడా కొట్టొద్దు, రెండింటినీ కలిపేయండి. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకునే దాకా నీళ్లు తిరిగే దారి అదే. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కోయించేటప్పుడు సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు, పూర్తిగా వేలాడినప్పుడు రెండు కొలతలూ తీయండి. ఒక్క కొలతతో కోయిస్తే షాఫ్ట్ గేర్‌బాక్సును పొడుస్తుంది.

కాలేజీల పెద్దలకు ఒక విన్నపం. ప్రాజెక్టు మార్కుల్లో కొంత భాగం 'పట్టని చోట్ల పుస్తకానికి' కేటాయించండి. ఏ భాగం పట్టలేదు, ఎంత తేడా కొలిచారు, కారణం ఏమని తేల్చారు, ఏం మార్చారు: నాలుగు గడులు చాలు. ఆ పుస్తకం లైబ్రరీలో ఉంటే తర్వాతి జట్టు అదే గొట్టం మళ్లీ పొట్టిగా కోయదు. ఇంకో సంగతి కూడా పిల్లలకు ముందే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. కొత్త నమూనా బండికి ఆమోదం కావాలంటే పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థల పరీక్ష దాటాలి. కాబట్టి ఓమ్ని ఆర్‌సీ జేబులో పెట్టుకుని ఈ కారును బళ్లారి రోడ్డు ఎక్కించడం కుదరదు. నడపడం కాలేజీ మైదానంలోనే.

ఆ మైదానంలోనైనా మొదటి రోజు వేగం వద్దు. బిగించిన ప్రతి నట్టు మీదా, పక్క ఇనుము మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. నడక వేగంలో బ్రేకు చూడండి. భాగాలు తీసిన పాత బండి కన్నా కిట్ కారు వెనక భాగం తేలిక కాబట్టి, వెనక బ్రేకుల ఒత్తిడిని తగ్గించే ప్రెషర్ వాల్వు పీకేసిన చోట వెనక చక్రాలే ముందు బిగుస్తాయి, బండి గిర్రున తిరుగుతుంది. అట్లా బిగుస్తుంటే వాల్వు పెట్టేదాకా వేగం పెంచొద్దు. పది కిలోమీటర్లు తిరిగాక గీతలు చూడండి, చక్రాల నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. యాభై కిలోమీటర్ల దగ్గర ఇంకోసారి. గీత విడిపోయిన నట్టును ఊరికే బిగించి వదలకండి. విప్పి, కింద రంగు పొర నలిగిందా, గొట్టం పొట్టిదా, మర పోయిందా చూసి, పుస్తకంలో రాసి, అప్పుడు బిగించండి.

ఇట్లు,
కొందరు వర్క్‌షాపు బోధకులు, ఆటోమొబైల్ మెకానిక్కులు
అనంతపురం